రేడియో కోసం ఒక్క ఫైలు

జూన్ 9, సోమవారం

తమ్ముడికి ఉద్యోగం వచ్చేట్టుంది. వచ్చాకే రాద్దామనుకున్నాను గానీ చేతులు ఆగడం లేదు.

బస్టాండులో అనౌన్సరు ఉద్యోగం. ఇన్నేళ్లూ ఆ మైకు ముందు కూర్చున్న పెద్దాయన నెలాఖరుకి రిటైరవుతున్నాడు. తమ్ముడు ఇదివరకు ఆస్పత్రిలో ఫోన్లు కలిపేవాడు. ఆ పని మెషీన్లకి అప్పజెప్పేశాక ఏడాదిగా మా మేడ మీద గదిలోనే ఉంటున్నాడు. వాడికి పుట్టుకతోనే చూపు లేదు. దానికీ కలిపి నోరిచ్చాడు దేవుడు. చిన్నప్పటి నుంచీ అందరూ రేడియో అనే పిలుస్తారు. బస్టాండులో ఎవరు చెప్పారో ఏమో, అక్కడా అప్పుడే అదే పేరు.

మేనేజరు దగ్గరికి నేనూ వెంట వెళ్లాను. (వద్దన్నాడు. వెళ్లాను.) ఆవిడ నాన్చకుండా మాట్లాడే మనిషి. "చూడండి, జాలిపడి ఉద్యోగాలివ్వడం నాకు చేతకాదు. గొంతు బాగుంది, ఒప్పుకుంటా. కానీ బస్సుల టైములన్నీ ఈ కంప్యూటర్లోనే వస్తాయి. పక్కన ఇంకొకళ్లు కూర్చుని చదివి పెట్టాలంటే కుదరదు. ఇరవై మూడో తారీఖు నుంచి ఒక వారం మీరొక్కరే చెయ్యండి. చేస్తే ఉద్యోగం మీది. చెయ్యలేకపోతే నన్ను తిట్టుకోకండి."

"సరే మేడమ్," అన్నాడు వీడు, మంచినీళ్లు కావాలా అని అడిగినంత తేలిగ్గా.

చిక్కంతా ఆ తెరతోనే. వాడి కంప్యూటర్లో తెర మీద ఉన్నది చదివి వినిపించే గొంతు ఒకటుంటుంది. ముక్కుతో మాట్లాడుతుంది కాబట్టి ముక్కావిడ అని పేరు పెట్టుకున్నాం. బస్టాండు కంప్యూటర్లోనూ ఆవిడుంది. అక్షరాలైతే గడగడా చదువుతుంది, బొమ్మ కనిపిస్తే "బొమ్మ" అని ఊరుకుంటుంది. బస్సుల టైములు అక్కడ రంగురంగుల బోర్డులా వస్తాయి. ఆ బోర్డు ముందు కూర్చోబెడితే ముక్కావిడ "బొమ్మ" అంది. తమ్ముడు మొహం చిన్నబుచ్చుకోవడం మేనేజరు చూడలేదు, నేను చూశాను.

అయితే ఆ బోర్డు వెనకాల ఒక మామూలు అక్షరాల ఫైలుంది. కంట్రోల్ రూము వాళ్లు పాత ఫైలు తీసేసి, కొత్త టైములున్న ఫైలు పెడుతూ ఉంటారు. దాన్ని చదివి, వాడు బాణం మీటలతో ఒక్కో బస్సూ వినేలా ఒక ప్రోగ్రాం రాస్తే చాలు. నాకు రెండ్రోజుల పని.

జూన్ 10, మంగళవారం

రెండ్రోజులని రాశానా? సరే.

నేను ఉద్యోగం మొదలుపెట్టిన దగ్గర్నుంచీ విండోస్ కాకుండా యూనిక్స్ అనే వేరే రకం మెషీన్ల మీదే బతికాను. వాతావరణ కేంద్రం వాళ్ల ప్రోగ్రాములు ఇంట్లోంచే చూసుకుంటాను, అవన్నీ యూనిక్సే. విండోస్ ఉన్న ఇంటికి చుట్టంగా వెళ్లడమే తప్ప కాపురం చెయ్యలేదు. బస్టాండులో ఉన్నది విండోస్.

భోజనాల దగ్గర మా ఆయన అడిగాడు. "నువ్వూ ఒక విండోస్ కంప్యూటర్ పెట్టుకుని దాంట్లోనే రాయొచ్చుగా?"

"నా వంటింట్లో, నా గిన్నెలతో వండి క్యారియర్లో పెట్టి పంపిస్తా. తినేవాళ్ల పొయ్యి దగ్గరికి నేనెందుకెళ్లాలి?"

"అలా కుదురుతుందా?"

"కుదురుతుంది. నేను రాసినదాన్ని మెషీన్ భాషలోకి మార్చే కంపైలరు నా దగ్గరే ఉంటుంది. మామూలుగా అది యూనిక్స్‌కి పనికొచ్చేది ఇస్తుంది. దానికే ఇంకో తోబుట్టువుంది. పనిముట్లన్నీ అవే, పిలిచే తీరూ అదే, కాకపోతే బయటికొచ్చేది అచ్చం విండోస్ ప్రోగ్రాం."

"అంటే వంట నీది, ఉప్పూ కారం వాళ్లవి."

మా ఆయన చేపల అక్వేరియంలు అమ్ముతాడు. కంప్యూటర్ల గురించి ఏమీ తెలియదంటాడు గానీ చెప్పింది మాత్రం ఇట్టే పట్టేస్తాడు.

జూన్ 12, గురువారం

దగ్గరి దారి వెతుక్కున్నాను. యూనిక్స్ ప్రోగ్రాంకి విండోస్ వేషం వేసి తీసుకెళ్లే పద్ధతి ఒకటుంది. నా పాత కోడే, ఒక్క అక్షరం మార్చక్కర్లేదు. తెర మీద నల్లటి కిటికీలో బస్సుల పట్టిక బ్రహ్మాండంగా వచ్చింది. మేడ మీదకి తీసుకెళ్లి వాడి ల్యాప్‌టాపులో పెట్టాను.

ఒక్క బస్సు టైము మారితే చాలు, ముక్కావిడ పట్టికంతా మొదటి నుంచీ అందుకుంటోంది. సగంలో ఇంకో టైము మారితే మళ్లీ మొదటి నుంచి. తమ్ముడు చెవుల మీద చేతులు పెట్టుకున్నాడు.

"అక్కా, ఇది చదవడం కాదు. వాంతి."

జూన్ 13, శుక్రవారం

వేషం తీసేసి, కిటికీలూ బటన్లూ గీసి ఇచ్చే సామాను ఒకటి తెచ్చాను. యూనిక్స్‌లోనూ విండోస్‌లోనూ ఒకేలా కనిపిస్తుంది. పొద్దున్నంతా కూర్చుని ఆలస్యమైన బస్సుకి ఎరుపు, వచ్చేసినదానికి ఆకుపచ్చ, గుండ్రటి మూలలు దిద్దాను. చూడముచ్చటగా ఉంది.

ముక్కావిడ దాన్ని చూసి "బొమ్మ" అంది.

ఆ సామాను తన బటన్లు తనే బొమ్మలుగా గీసుకుంటుంది. కళ్లకి బటన్ లాగే ఉంటుంది, విండోస్‌కి మాత్రం అది బటనని తెలియదు. విండోస్‌కి తెలియనిది ముక్కావిడకెలా తెలుస్తుంది? ఈ మాత్రం నాకు ముందే తట్టాలి. తట్టలేదు.

"రంగులు బాగున్నాయా?" అన్నాడు తమ్ముడు.

"చాలా బాగున్నాయి."

"పోనీలే, ఇంట్లో ఒకళ్లకైనా పనికొచ్చాయి."

చూపు లేని తమ్ముడికి ఒక పూటంతా రంగులద్దిన అక్కని ఈ లోకంలో నన్నే చూడాలి.

జూన్ 14, శనివారం

ఇంక తప్పదని విండోస్ సొంత సరుకే వాడాను. విండోస్ తన జాబితా పెట్టె తనే చేసి ఇస్తుంది. దాన్ని అడిగే పద్ధతి వేరు, ఆ పేర్లు వేరు, అన్నీ పెద్దక్షరాలు, గట్టిగా అరుస్తున్నట్టుంటాయి. పొద్దున్నించీ వాటితో కుస్తీ పట్టాను. రాసింది నా ఎడిటర్లో, నా మెషీన్ మీద, నా కంపైలరుతోనే. బయటికొచ్చింది మాత్రం పుట్టుకతోనే విండోస్ ప్రోగ్రాం.

మేడ మీద వాడు కింది బాణం నొక్కాడు. ముక్కావిడ గొంతు సవరించుకున్నట్టు ఆగి, "ఏడో నంబరు, రెండో ప్లాట్‌ఫారం, పదింబావు" అంది. మళ్లీ నొక్కాడు. "నాలుగో నంబరు, ఆలస్యం." పైబాణం. మళ్లీ ఏడో నంబరు. ఒక టైము మారింది, ముక్కావిడ కిక్కురుమనలేదు. వాడు అడిగితేనే చెబుతోంది.

వాడు లేచి కిటికీ తెరిచి, వీధిలోకి, "ప్రయాణికులకు మనవి! ఏడో నంబరు బస్సు రెండో ప్లాట్‌ఫారం మీదకి వచ్చుచున్నది!" అని ఒక్క కేక పెట్టాడు. ఎదురింటివాళ్లు బయటికొచ్చి చూశారు. కింద ఆయన చప్పట్లు కొట్టాడు.

ఇంత సంతోషంగా నేను కంపైల్ చేసి చాలా ఏళ్లయింది.

జూన్ 16, సోమవారం

పరువు పోయింది.

బస్టాండులో పెట్టి చూద్దామని వెళ్లాం. పెద్దాయన తన కుర్చీ ఖాళీ చేసి ఇచ్చాడు, మేనేజరు చేతులు కట్టుకుని నిలబడింది. ప్రోగ్రాం మీద నొక్కితే తెర మధ్యలో ఒక పెట్టె. ప్రోగ్రాం అరువు తెచ్చుకునే ఫలానా లైబ్రరీ ఫైలు దొరకలేదు, అందుకే మొదలవదు. ముక్కావిడ ఆ ఫైలు పేరుని అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివింది. వినడానికే సిగ్గేసింది.

ఇంటికి పరిగెత్తి ఆ ఫైలు తెచ్చి పక్కన పెట్టాను. ఇప్పుడు ఇంకోటి దొరకలేదంది. మళ్లీ వెళ్లి అదీ తెచ్చాను. ఇంకోటి కావాలంది. తల ప్రాణం తోకకొచ్చింది.

"ఇంట్లో పనిచేసింది మేడమ్," అన్నాను. అన్నాక నాలిక్కరుచుకున్నాను. ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లు "మా మెషీన్లో బాగానే ఉందండీ" అంటే అందరికన్నా ముందు నవ్వేదాన్ని నేనే.

ఇంట్లో ఎందుకు పనిచేసిందో దారిలో వస్తుంటే వెలిగింది. తమ్ముడి ల్యాప్‌టాపులో ఏదైనా ఇబ్బందొస్తే అక్కడికక్కడే బాగుచెయ్యచ్చని నా కంపైలరు సామానంతా ఎప్పుడో అందులో పెట్టేశాను. నా ప్రోగ్రాంకి కావాల్సిన లైబ్రరీలన్నీ నా సామానులోవి. అది అక్కడుంది కాబట్టి నడిచింది. నేను అడుగు పెట్టని కంప్యూటర్లో నడవదు.

మేనేజరు చివర్లో అంది. "ఇక్కడ ఒక్క ఫైలు పెట్టుకోనిస్తాను. ఒక్కటే. నా కంప్యూటర్లో మీ ఇంటి సామానంతా దించుతానంటే ఊరుకోను."

తమ్ముడు దారంతా మాట్లాడలేదు. రేడియో మాట్లాడకపోతే భయమేస్తుంది.

జూన్ 17, మంగళవారం

షాపుకెళ్లి చేపల తొట్లకి నీళ్లు మార్చాను. ప్రోగ్రాం జోలికి పోలేదు.

జూన్ 18, బుధవారం

మంచి ఆలోచనొచ్చింది. అసలు ప్రోగ్రాం నా మెషీన్ మీదే నడుస్తుంది, ఇంట్లో, నా కళ్లెదురుగా. బస్టాండులో ఉండేది ఉత్త కిటికీ. చిన్న ఫైలు, ఒక్కటే. టైములన్నీ ఇక్కడికొచ్చి ఇక్కణ్నుంచి వాడికి వెళతాయి. ఏదైనా తేడా వస్తే వాడు చెప్పేలోపే నాకు తెలిసిపోతుంది. చిటికెలో సరిచేస్తాను. కష్టపడి కట్టాను, చక్కగా నడిచింది.

వాడు ఒప్పుకోలేదు.

"మనింట్లో కరెంటు పోతే బస్టాండంతా మూగబోవాలా?"

"పోదు. పోయినా బ్యాటరీ ఉంది."

"నువ్వు ఊరెళ్తే?"

"నేనెక్కడికెళ్తాన్రా?"

"అదే అక్కా నా భయం."

ఒళ్లు మండింది. నీ కోసం ఇంత చేస్తే ఇదా మాట అన్నాను. వాడు, "నా కోసం చేస్తే నా చేతికివ్వు," అన్నాడు. గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది, నేనూ అరిచేదాన్ని. మెట్లు దిగి వచ్చేశాను.

ఆయన్నడిగాను, నాదేమన్నా తప్పా అని. "నీది తప్పని నేనంటే ఊరుకుంటావా?" అన్నాడు. ఊరుకోనన్నాను. "అయితే తప్పు లేదు," అన్నాడు.

జూన్ 19, గురువారం

వాడన్న మాటకి నాకేమీ బాధ లేదు.

జూన్ 20, శుక్రవారం

లేదంటే లేదు. పనిలో పడ్డాను.

చెయ్యాల్సింది నాకు మొదటి నుంచీ తెలుసు. కంపైలరుకి ఒక్క మాట ఎక్కువ చెబితే, ప్రోగ్రాంకి కావాల్సిన లైబ్రరీలన్నిటినీ దాని పొట్టలోనే పెట్టి కుట్టేస్తుంది. ఫైలు లావవుతుంది, కానీ ఇంక ఎవర్నీ ఏదీ అడగదు. సోమవారం సాయంత్రమే ఈ పని చెయ్యొచ్చు. ఎందుకు చెయ్యలేదంటే, ఏదో, అప్పుడు వేరే పద్ధతి మెరుగనిపించింది.

ఈసారి తమ్ముడి ల్యాప్‌టాపుని నమ్మలేదు. ఆయన షాపులో ఒక కంప్యూటరుంది. చేపల ఫోటోలు తప్ప అందులో ఏమీ లేవు, నా చెయ్యి ఎన్నడూ పడలేదు. అందులో పెట్టి నొక్కితే పెట్టె రాలేదు, పేచీ రాలేదు. బస్సుల జాబితా వచ్చి కూర్చుంది. షాపులో చేపలు కొనడానికొచ్చిన ఒకాయన, "ఇక్కడ బస్సు టైములు కూడా చెబుతారా?" అన్నాడు.

ప్రోగ్రాంలో చిన్న తలుపొకటి కూడా పెట్టాను, బయటి నుంచి నేను లోపలికి తొంగిచూడటానికి. ఏదైనా జరిగితే పనికొస్తుందని మాత్రమే. వాడికి చెప్పలేదు. చెప్పేంత పెద్ద విషయం కాదు.

జూన్ 21, శనివారం

మధ్యాహ్నం వాడి ల్యాప్‌టాపులో కొత్త ఫైలు పెట్టిచ్చి కిందకొచ్చాను. కుర్చీలో కూర్చున్నానో లేదో ఫోను మోగింది. మేడ మీద నుంచి కింది గదికి ఫోను! పిలిస్తే వినిపిస్తుంది, అయినా.

"అక్కా, విండోస్ ఏదో పెట్టె చూపిస్తోంది. ముక్కావిడ చదివింది. నీ ప్రోగ్రాం బయటి నుంచి వచ్చేవాళ్లకి తలుపు తియ్యాలనుకుంటోందట. తియ్యనివ్వనా అనడుగుతోంది. ఎవరొస్తారు?"

ఫోను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నాను.

"అక్కా, ఎవరొస్తారు?"

పక్కన ఆయనకి మాటలన్నీ వినపడుతున్నాయి. నవ్వాపుకోలేక వరండాలోకి వెళ్లిపోయాడు. ఇన్నేళ్లుగా ప్రోగ్రాములు రాస్తున్నదాన్ని, తలుపు పెడితే విండోస్ వాకిట్లో నిలబడి అందరికీ చాటుతుందని మరిచిపోయాను.

పైకి వెళ్లాను. వాడు కోప్పడతాడనుకున్నాను. మంచం మీద జరిగి చోటిచ్చాడు.

"ఆస్పత్రిలో చేసేటప్పుడు నన్ను ఇంతగా కనిపెట్టి చూసేదానివి కాదు," అన్నాడు.

"అప్పుడు నువ్వు ఇంట్లో ఉండేవాడివి కాదు."

"ఊ."

"ఈ ఏడాదీ బాగుందిరా," అన్నాను. "పొద్దున్నే నీ వాగుడు, సాయంత్రం నీ వాగుడు. నువ్వు ఉద్యోగం లేక బాధపడుతుంటే నాకు బాగుండటమేంటో!" మాట బయటికొచ్చేదాకా అది నాలో ఉందని నాకే తెలియదు.

వాడు నా చెయ్యి వెతుక్కుని పట్టుకున్నాడు. "నాకూ బాగుంది. కానీ అక్కా, తలుపు తీసెయ్. ఇంకోటి. ఆ వారం బస్టాండుకి రావద్దు, ఫోను చెయ్యొద్దు. అవసరమైతే నేనే చేస్తా."

తీసేశాను. మళ్లీ కంపైల్ చేశాను. రానని ఒట్టు కూడా వేశాను.

జూన్ 22, ఆదివారం

వాడు చొక్కా ఇస్త్రీ చేసుకున్నాడు, తనే. నేను చేస్తానంటే ఇస్త్రీపెట్టె వెనక్కి దాచాడు.

జూన్ 23, సోమవారం

మొదటి రోజు. ఫోను రాలేదు. సాయంత్రం వచ్చాక ఎలా ఉందంటే "బాగుంది" అన్నాడు. ఏమిటి బాగుంది, ప్రోగ్రామా, కుర్చీయా, టీయా? "అన్నీ."

జూన్ 24, మంగళవారం

"బాగుంది."

జూన్ 25, బుధవారం

వాతావరణ కేంద్రం వాళ్ల నుంచి ఫిర్యాదు. నేను మార్చిన కోడు వల్ల మిట్టమధ్యాహ్నానికి సూర్యోదయమని చూపించిందట. పొరపాటైందని రాసి సరిచేశాను. మనసు ఎక్కడుందో అని ఆయన అనలేదు. చూశాడంతే.

తమ్ముడు వచ్చి, "బాగుంది. ఇవాళ ఒకావిడ గదిలోకొచ్చి, టేపు వేశారనుకున్నాను, మనిషా అని అడిగింది," అన్నాడు.

జూన్ 26, గురువారం

ఫోను పాడైందేమో అని ఆయన ఫోను నుంచి చేసి చూసుకున్నాను. మోగింది.

జూన్ 27, శుక్రవారం

తమ్ముడు గొడుగు మరిచిపోయి వెళ్లాడు.

ఆకాశంలో మబ్బు తునక కూడా లేదు. అయినా వాతావరణం గురించి ఈ ఇంట్లో నాకు తెలిసినంత ఎవరికి తెలుసు? గొడుగివ్వడం బస్టాండుకి వెళ్లడం కిందికి రాదు. ఇచ్చేసి రావడమే.

గేటు దగ్గర కాపలా మనిషికిచ్చి, "రేడియోగారికివ్వండి, ఎవరిచ్చారో చెప్పకండి," అన్నాను. ఆయన ఎండవైపు చూశాడు, గొడుగు వైపు చూశాడు, తీసుకుని లోపలికి వెళ్లాడు. అలా వెనక్కి తిరిగి వచ్చేయాల్సింది. కాళ్లు నొప్పిగా ఉండి బెంచీ మీద కూర్చున్నాను.

పైనున్న స్పీకర్లోంచి వాడి గొంతు వస్తోంది.

ఇంట్లో ఆ గొంతు విని విని చెవులు మొద్దుబారాయనుకున్నాను. ఇది వేరే గొంతు. తొందరలేదు. నంబరు ఒకసారి, ప్లాట్‌ఫారం రెండుసార్లు, ఆలస్యమైతే ఎంతసేపో, మధ్యలో ఊపిరి. పిల్లల్ని లాక్కుంటూ, సంచులు మోసుకుంటూ జనం వాడు చెప్పిన వైపుకి నడుస్తున్నారు. పైకి చూసినవాళ్లు ఒక్కరూ లేరు. వాడు చెబుతున్నాడు కాబట్టి వెళుతున్నారు, అంతే. గర్వంతో నాకు మెడ నిక్కింది. పక్కన కూర్చున్నావిడతో, మా తమ్ముడండీ అనబోయి ఆగాను.

అప్పుడు మూడో ప్లాట్‌ఫారం మీదకి ఒక బస్సొచ్చి ఆగింది. పై నుంచి ఏమీ లేదు. జనం ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. డ్రైవరు ఇంజను ఆపాడు. మైకు తెరిచే ఉంది, సన్నగా గుయ్యిమంటోంది. వాడి మీటల టకటక కూడా వినిపిస్తోంది. కింది బాణం, కింది బాణం, పైబాణం.

నాకు అర్థమైపోయింది. జాబితా కదలడం లేదు. ప్రోగ్రాం ఆగిపోయింది. నా ప్రోగ్రాం, వారం ముగియబోతుండగా, మేనేజరు లోపలెక్కడో ఉండగా. ఫోను చేతిలోకి తీసుకున్నాను. ఇప్పుడు మోగుతుంది. లేచి నిలబడ్డాను. నాలుగు అంగలేస్తే ఆ గది. మోగనీ, వెళ్లిపోతాను.

మోగలేదు.

"ప్రయాణికులకు మనవి," అంది వాడి గొంతు. "మూడో ప్లాట్‌ఫారం మీదకి ఒక బస్సొచ్చిన చప్పుడైంది. నా లిస్టులో మాత్రం ఇంకా రాలేదు. నేను బస్సునే నమ్ముతాను. డ్రైవరుగారూ, కాస్త మీ నంబరు ఇటు కిటికీలోకి గట్టిగా చెప్పండి."

జనం గొల్లుమన్నారు. డ్రైవరు తల బయటపెట్టి, "పన్నెండూ!" అని అరిచాడు.

"విన్నారుగా, పన్నెండో నంబరు. ఎక్కండి, ఎక్కండి. ఆయన గొంతు కూడా బాగుంది, నా ఉద్యోగానికి ఎసరు పెట్టేలా ఉన్నాడు."

మళ్లీ నవ్వులు. కాసేపటికి మీటల చప్పుడు, తర్వాత మామూలుగా, ఏడో నంబరు, రెండో ప్లాట్‌ఫారం. ఆ తర్వాత ఇంకోటి. ఎలాగో ఏమో, జాబితా మళ్లీ నడుస్తోంది.

నేను కూర్చుండిపోయాను. కళ్లు తుడుచుకుంటే పక్కావిడ, "మీ బస్సు వెళ్లిపోయిందా?" అంది పాపం. లేదండీ అన్నాను.

సాయంత్రం వాడు గొడుగుతో వచ్చాడు. "బాగుంది," అన్నాడు. నేనూ ఏమీ అడగలేదు.

జూన్ 28, శనివారం

ఉద్యోగం వచ్చింది!

నియామకం కాగితం ఆయన చదివి వినిపించాడు, వాడు రెండోసారి చదివించుకున్నాడు. నిన్న జాబితా ఆగినప్పుడు మేనేజరు గదిలో వాడి వెనకాలే నిలబడి ఉందట. బస్సుని అడిగి చెప్పిన ఆ మాట విని, ఈ రోజు దాకా ఆగకుండా నిన్ననే సంతకం పెట్టేసిందట. "మెషీను ఎలాగూ ఆగుతుంది, మనిషి ఆగకపోతే చాలు" అందట. పెద్దాయన తన కుర్చీలోని దిండు వాడికే వదిలేశాడు. కడుపు నిండిపోయింది నాకు.

భోజనాలయ్యాక వాడు నిదానంగా మొదలుపెట్టాడు.

"అక్కా, నీ ప్రోగ్రాంలో ఒక తప్పుంది. నిన్న టైములు కదలడం మానేశాయి. మూసి మళ్లీ తెరిచా, కదిలాయి. అంటే అది ఏదో ఫైలు పట్టుకుని వదలడం లేదు."

వెంటనే వెలిగింది. కంట్రోల్ రూము వాళ్ల ఫైలు అప్పుడప్పుడు ఒక్క క్షణం ఖాళీగా ఉంటుంది. సరిగ్గా అప్పుడు తెరిస్తే, ఏమీ లేదు కదా అని నా కోడు వెనక్కి వచ్చేస్తుంది, మూయకుండా. నా యూనిక్స్‌లో అది ఎవరికీ అడ్డం రాదు, జీవితమంతా తెలియకుండా గడిచిపోతుంది. విండోస్ అలా కాదు. తెరిచి ఉన్న ఫైలుని ఎవరో వాడుకుంటున్నారని లెక్క, దాన్ని తీసేసి కొత్తది పెట్టనివ్వదు. పాపం కంట్రోల్ రూము వాళ్లు కొత్త టైములు పెడదామంటే నేను అడ్డంగా కూర్చున్నాను.

"మరి నాకు ఫోను చెయ్యాల్సింది," అన్నాను. "ఇంట్లోనే ఉన్నాగా."

"ఇంట్లో లేవుగా. బయట బెంచీ మీద ఉన్నావు."

ఆయన పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"కాపలా ఆయన గొడుగు తెచ్చిస్తూనే చెప్పేశాడు. 'మీ అక్కగారు, ఎండకి భయపడి కాబోలు, గొడుగు పంపారు. బెంచీ మీద కూర్చున్నారు' అని."

"తెలిసి కూడా పిలవలేదా? కిటికీలోంచి ఒక్క కేక వేస్తే సరిపోయేదిగా!"

"సరిపోయేది. అందుకే వెయ్యలేదు," అన్నాడు. "కేకేస్తే వచ్చేదానివి కదక్కా. ఎప్పుడూ వస్తావు. నువ్వు అంత దగ్గర్లో ఉన్నప్పుడు కూడా నేనొక్కణ్నే చెయ్యగలనా లేదా అన్నది నాకు తెలియాలి కదా."

నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెండూ ఒకేసారి వచ్చేసరికి పొలమారింది. వాడు నా వీపు తట్టాడు. ఆయన మంచినీళ్లు తెచ్చాడు. అలా తెలిసీ నన్ను పిలవకుండా కూర్చోవడానికి వాడికి ఎంత కష్టమైందో, లేచి నిలబడి కూడా వెళ్లకుండా ఉండటానికి నాకెంత కష్టమైందో అంతే అయ్యుంటుంది. వాడి మీద ఇంత ప్రేమ ఎప్పుడూ రాలేదు నాకు.

తప్పు దిద్దాను. ఒక్కటే లైను. కంపైల్ చేసి, పెన్‌డ్రైవులో పెట్టి వాడి చేతికిచ్చాను. జేబులో వేసుకుని, మెట్ల మీద పాడుకుంటూ పైకి వెళ్లిపోయాడు. సోమవారం తెల్లారుజామున మొదటి బస్సు నుంచీ వాడే.

నాకు సంతోషంగా ఉంది. ఈసారి నిజంగానే రాస్తున్నాను.